చుక్కలేని పురుగులు

జల్లెడాయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది. జీతాల పట్టీలో తప్ప ఆ పేరు ఎక్కడా వినపడలేదు గనుక మనమూ దాని జోలికి పోవద్దు. ముప్పైతొమ్మిదేళ్లు ధాన్యం గోదాములో పనిచేసిన మనిషి. చేతిలో జల్లెడ లేకుండా ఆయన్ని చూసినవాళ్లు తక్కువ. పెళ్లిఫోటోలో జల్లెడ లేదు గానీ, చేతులు మాత్రం దాన్ని పట్టుకున్నట్టే ఉంటాయి.

తండ్రి అదే గోదాములో బస్తాలు మోసేవాడు. కొడుకూ మోస్తాడని పద్దెనిమిదో ఏట తీసుకొచ్చి నిలబెట్టాడు. మొదటి బస్తా వీపుకెక్కించగానే కొడుకు నేలమీదా, బస్తా కొడుకు మీదా పడ్డాయి. "వీడు దేనికీ కొరగాడు" అని తండ్రి అందరి ముందూ తేల్చేశాడు. గోదాము అధికారి జాలిపడి, నేలమీద రాలిన గింజలు ఊడ్చి జల్లించే పని ఇప్పించాడు. జాలితో ఇచ్చిన ఉద్యోగాలే మనిషిని చివరిదాకా పట్టుకుంటాయి, ఎక్కడైనా చూడండి.

ఒకరోజు ఆ అధికారి వచ్చేసరికి కుర్రాడు చీపురు పక్కన పారేసి, బస్తాకు చెవి ఆనించి కళ్లు మూసుకుని ఉన్నాడు. పని ఎగ్గొట్టి నిద్రపోతున్నాడని వీపు మీద ఒకటి వేయబోయాడు. కుర్రాడు కళ్లు తెరవకుండానే పెదవుల మీద వేలు పెట్టుకుని, "ఉష్! తింటున్నారండీ" అన్నాడు. బస్తా విప్పారు. పైకి ఒక్క పురుగు లేదు. గింజ నలిపి చూస్తే లోపల పిల్లపురుగు. ముక్కుపురుగు సంగతే అంత. గింజకు ముక్కుతో కన్నం పొడిచి, లోపల గుడ్డు పెట్టి, మళ్లీ మూసేసి పోతుంది. పిల్ల లోపలే తిని, లోపలే పెరిగి, పెద్దదయ్యాకే బయటికొస్తుంది. చూడ్డానికి గింజ గింజలాగే ఉంటుంది, లోపల సంసారం జరిగిపోతుంటుంది.

అలా ఆయనకు పని ఖాయమైంది, ఆ తర్వాత పెళ్లీ అయింది. కొత్తల్లుడిగా అత్తవారింటికి భోజనానికి వెళ్లి, అందరూ మాటల్లో ఉండగా వంటింట్లో బియ్యం డబ్బాకు చెవి ఆనించాడు. "మావయ్యగారూ, ఇందులో సుమారు రెండొందలమంది ఉన్నారండీ" అన్నాడు గౌరవంగా. అత్తగారు రెండేళ్లు ఆయనతో మాట్లాడలేదు. భార్య మాత్రం తలుపు వెనక్కి పోయి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆ నవ్వుతోనే పాతికేళ్లు కాపురం చేసింది ఆవిడ. ఆరేళ్ల కిందట పోయింది. ఆ తర్వాత కొన్నాళ్లు ఇంట్లో డబ్బాలకు కూడా ఆయన చెవి పెట్టలేదు.

గోదాములో రెండు గదులు. ఒకటో గది ఈయనది. రెండో గది చూసే ఆయన పన్నెండేళ్ల కిందట ఏదో ఆఫీసు నుంచి వచ్చాడు. ముత్యాల్లాంటి చేతిరాత ఆయనది, పురుగుల లెక్క రాసినా అచ్చువేసినట్టు ఉంటుంది. ఇద్దరికీ మధ్య ఒక గోడ. గాలి ఆడాలని ఆ గోడను కప్పుదాకా కట్టలేదు, పైన మూరెడు ఖాళీ వదిలారు. ఇద్దరూ బస్తాల మీదికెక్కి ఆ సందులోంచి మాట్లాడుకునేవారు. ఈయన కూతురూ ఆయన కొడుకూ తండ్రులకు భోజనం తెచ్చి, గిన్నెలు ఖాళీ అయ్యేదాకా వరండా బల్ల మీద కూర్చునేవారు. తండ్రులు నింపాదిగా తినే మనుషులు. ఏడాది తిరిగేసరికి పెళ్లి మాటలు ఆ గోడ సందులోంచే అయిపోయాయి, ఇద్దరూ వియ్యంకులయ్యారు. అప్పటిదాకా "ఏమోయ్" అని పిలుచుకున్నవాళ్లు "బావగారూ" లోకి దిగారు. మంచి స్నేహం అలా పాడైపోయింది.

కూతురు, అల్లుడు గోదాము వెనకే, ప్రహరీలోపలి క్వార్టర్లో ఉంటారు. వాళ్లకొక ఆడపిల్ల, మూడేళ్లది. జల్లెడాయన దాన్ని "గింజా" అని పిలుస్తాడు. పొద్దున్న గంటసేపు ఈ తాతది, సాయంత్రం గంటసేపు ఆ తాతది. ఆ తాతకు ఇంటికెళితే భార్య ఉంది, చెల్లెలుంది, పేకాట స్నేహితులున్నారు. ఈయనకు ఆ గంట అయిపోతే మళ్లీ మర్నాడు పొద్దున దాకా ఎవరూ లేరు. ఉన్నమాట చెప్పుకోవాలంటే, ఆయన బతుకు ఇరవైనాలుగ్గంటలు కాదు, ఆ ఒక్క గంటే.

అలాంటి సమయంలో పెద్దాఫీసు నుంచి తనిఖీ మేడమ్ వచ్చింది. చేతిలో కాగితం. "ఇకమీదట విషపు మాత్రలు వాడరాదు. మొక్కల నుండి తీసిన సువాసన నూనెలు వాడవలెను. వీటి వాసనకు పురుగులు దూరముగా పోవును." ఎంత దూరం పోవునో, ఎక్కడికి పోవునో రాసినవాళ్లు రాయలేదు. కాగితాలు రాసేవాళ్ల పని "పోవును" దగ్గర అయిపోతుంది. మోసేవాళ్ల పని అక్కడ మొదలవుతుంది.

మేడమ్ రెండో మాట కూడా చెప్పింది. సరుకు తగ్గిపోయింది, రెండు గదులు అక్కర్లేదు. మూడు నెలల తర్వాత వచ్చి లెక్కపెడుతుంది. పురుగులు తక్కువున్నవారు ఇక్కడే ఉంటారు. ఎక్కువున్నవారు కొండమీది గోదాముకు వెళ్తారు. కొండమీది గోదాము అంటే రెండు బస్సులు మారి, పైన నాలుగు మైళ్లు నడక.

"దానికేముందండీ, బావగారుండనీండి ఇక్కడ" అన్నాడు వియ్యంకుడు.

"అబ్బే, మీరుండాలి బావగారూ. పెద్దవారు" అన్నాడు జల్లెడాయన.

మేడమ్ అటు పోగానే ఇద్దరూ చెరో గదిలోకి పరుగెత్తి సీసాల మూతలు విప్పారు.

జల్లెడాయన నిమ్మగడ్డి నూనెతో మొదలుపెట్టాడు. పాత గుడ్డలు నూనెలో తడిపి బస్తాల వరసల మధ్య తాళ్లకు వేలాడదీశాడు. సోమవారం పద్ధతి ప్రకారం కిలో గింజలు తీసి జల్లించాడు. పోయిన వారం అరవై. ఈ వారం నాలుగు. బస్తాకు చెవి ఆనిస్తే ఉలుకూ పలుకూ లేదు. ఆయన సంతోషానికి పట్టపగ్గాల్లేవు. అంతలో గోడ మీద తల కనిపించింది.

"బావగారూ, మా లెక్క యాభై నుంచి నూట ఆరుకి పోయిందండీ. మీవాళ్లేమైనా ఇటొచ్చారేమో."

"మీవాళ్లేమిటి బావగారూ, అందరూ మనవాళ్లే" అన్నాడు జల్లెడాయన తేలుకుట్టిన దొంగలా.

మర్నాడు గోడకవతలి నుంచి యూకలిప్టస్ నూనె ఘాటు వచ్చింది. ఆ వారం ఆ నూట ఆరుగురూ గోడ దాటి ఇటు వచ్చారు. ఈయన లవంగ నూనె పెట్టాడు, అటు పోయారు. ఆయన పుదీనా నూనె చల్లాడు, ఇటు వచ్చారు. ఈయన దాల్చినచెక్క, ఆయన నారింజ తొక్క. జల్లెడాయన బస్తాల మీద కూర్చుని గోడ పైభాగాన్ని చూస్తూ ఉండిపోయేవాడు. పురుగులు వరసగా నడుస్తుంటాయి, తిట్టుకోవు, తోసుకోవు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లం మనం గానీ అవి కాదు. అటూ ఇటూ తిరిగి తిరిగి గట్టిపడ్డాయి కూడా, పూర్వం గోడెక్కడానికి అరపూట పట్టేది, ఇప్పుడు పావుగంట. రాకపోకలకు గోడ మీద సన్నటి దారే పడింది.

ఇలా అయితే తనిఖీనాటికి ఎవరి గదిలో ఉంటే వారిదే పాపం. జల్లెడాయన ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాడు. ముక్కుపురుగును తాకితే కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు నటిస్తుంది. ఆ నటించే అరనిమిషంలో పళ్లు కుట్టుకునే పుల్లతో దాని వీపు మీద చుక్క పెట్టొచ్చు. తన గదిలో దొరికిన ప్రతిదానికీ తలుపులకు వేసే తెల్లరంగుతో చుక్క పెట్టాడు. గోడ మీదినుంచి అది చూసి వియ్యంకుడు కిటికీల నీలిరంగు తెచ్చుకున్నాడు. ఇద్దరు పెద్దమనుషులు, కళ్లజోళ్లు ముక్కు చివరికి దించుకుని, నెలరోజులు పురుగులకు బొట్లు పెట్టారు. జీతం మాత్రం నెలనెలా వచ్చింది.

సోమవారం సోమవారం ఇచ్చిపుచ్చుకోవడాలు. "ఇవిగో బావగారూ, మీ తెల్లవి ముప్పైరెండు" అని వియ్యంకుడు గోడమీదినుంచి డబ్బా అందించేవాడు. "శ్రమ పెట్టాం, ఏమనుకోకండి" అని ఈయన తీసుకుని, ఖాళీ డబ్బా ఇవ్వడం బాగుండదని నీలివి అందులో వేసి పంపేవాడు. ఇక మాటల మీద నమ్మకం చాలదని వియ్యంకుడు తన అందమైన చేతిరాతతో ఒక ఒప్పందం రాశాడు.

"ఒకటి: ప్రతి పురుగు తాను పుట్టిన గది లెక్కలోనే ఉండును. రెండు: చుట్టపుచూపుగా వచ్చిన పురుగును ఆతిథ్యమిచ్చిన గది లెక్కలో వేయరాదు. మూడు: అవతలి గది పురుగును చంపరాదు, మర్యాదగా డబ్బాలో పంపవలెను. నాలుగు: చుక్క చెరిగినచో ఇద్దరును కలిసి చూచి తిరిగి పెట్టవలెను."

ఇద్దరూ సంతకాలు పెట్టారు. లోకంలో రెండు దేశాలు కూడా ఇంత బాగా రాసుకుని ఉండవు.

ఈలోగా ఇంట్లో ఒక చిక్కు వచ్చిపడింది. పొద్దున గంటకు వెళితే గింజ ముక్కు మూసుకుని కూర్చుంటోంది. "తాత కంపు" అని తల్లితో చెప్తోంది. జల్లెడాయన రెండుసార్లు స్నానం చేసి వెళ్లాడు. "తడి కంపు" అంది. సాయంత్రం తాతది కూడా అదే గతి అని తెలిసి ఈయన కాస్త కుదుటపడ్డాడు. దాని కోసమే కదా ఈ నూనెలన్నీ, పోనీలే మూడు నెలలు ముక్కు మూసుకోనీ అనుకున్నాడు.

రెండో నెలాఖరుకు రెండో గదిలో చుక్కలేని పురుగులు కనిపించాయి. ఒకటీ రెండూ కాదు, డెబ్భై. గింజల్లోంచి కొత్తగా బయటపడ్డ పిల్లలు.

"ఇవి ఎవరివండీ?" అన్నాడు వియ్యంకుడు గోడమీద గడ్డం ఆనించి.

జల్లెడాయనకు ముక్కు చూసి ఆడా మగా చెప్పడం వచ్చు. ఆడదాని ముక్కు పొడుగ్గా, నున్నగా ఉంటుంది. అటు దాటిపోయిన తెల్లచుక్కల్లో ముప్పాతికమంది ఆడవేనని ఆయనకు తెలుసు.

"మీ గదిలో పుట్టాయి, మీవే."

"తల్లులు మీవాళ్లు బావగారూ. తెల్లచుక్కలు. తల్లి ఎక్కడిదో పిల్ల అక్కడిదే."

"అదెలాగండీ? తండ్రులు నీలిచుక్కలు. ఆడపిల్ల మీ గదికొచ్చాక పుట్టిన పిల్లలు మీ పిల్లలే అవుతారు. తండ్రి వైపుకే చెందుతారు. లోకమంతా అంతే!"

"తల్లి వైపు లెక్కలోకే రాదంటారా?"

"రాదంటే రాదు!"

వియ్యంకుడు నవ్వాడు. "ఈ మాట నేనంటే బాగుండేది కాదు. మీ నోటితో మీరే అన్నారు. రాసుకోమంటారా?"

"రాయండి!" అన్నాడు జల్లెడాయన. డెబ్భై పురుగులు తన లెక్కలోంచి పోతున్నాయన్న ఆవేశంలో ఉన్నాడు. ఆయన అటునుంచి కాగితం మీద "అయిదు: పుట్టిన పిల్లలు తండ్రి గదికే చెందుదురు, తల్లి గదికి హక్కు లేదు" అని రాసి అందించాడు, ఈయన చదవకుండానే సంతకం పెట్టాడు. డెబ్భై పురుగులు నెత్తిన పడుతున్నా వియ్యంకుడు ఎందుకు నవ్వాడో ఈయనకు అప్పుడు తట్టలేదు.

ఆ ఆదివారం అందరూ కలిసి భోంచేస్తుండగా తట్టింది. పిల్ల బడి సెలవులొస్తే ఎక్కడుండాలి అన్న మాట ఎవరో ఎత్తారు. పిల్ల ఇంకా బడిలోనే చేరలేదు, అయినా ఎత్తారు. వియ్యంకుడు చొక్కా జేబులోంచి ఒప్పందం తీసి అయిదో షరతు గట్టిగా చదివాడు. "బావగారే రాయించారు" అన్నాడు. అందరూ నవ్వారు. కూతురు నవ్వలేదు.

చేతులు కడుక్కునే దగ్గర తండ్రిని పట్టుకుంది. "నాన్నా, ఆ మాట నువ్వే అన్నావా?"

"పురుగుల గురించమ్మా."

"పురుగుల గురించేనా?"

కూతురు లోపలికి వెళ్లిపోయింది. గింజ తల్లి కొంగు పట్టుకుని ముక్కు మూసుకుని ఆయన వైపు చూస్తోంది. ఆయనకు ఏడుపొచ్చింది. కుళాయి కట్టకుండా చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

ఆ తర్వాత ఆయన ఇంకా మొండికెత్తాడు. తప్పు చేసినవాడికి ఉన్న దారుల్లో అన్నిటికంటే సులువైంది అదే. ఇక్కడే ఉండిపోతే చాలు, పిల్ల పెద్దయ్యేలోగా అన్నీ చక్కబెట్టుకోవచ్చు అనుకున్నాడు. ఉన్న సీసాలన్నీ ఒకేసారి విప్పాడు. వియ్యంకుడూ విప్పాడు. గోదాములోకి అడుగుపెడితే కళ్లల్లో నీళ్లు కారేవి. బస్తాలు మోసేవాళ్లు తలగుడ్డలు ముఖానికి చుట్టుకుని, తూలుతూ వెళ్లి తూలుతూ వచ్చేవారు. సోమవారం జల్లిస్తే ఒకటో గదిలో సున్నా. రెండో గదిలో సున్నా. జల్లెడాయన బస్తా బస్తాకూ చెవి ఆనించుకుంటూ నడిచాడు. ముప్పైతొమ్మిదేళ్లలో ఆయన వినని నిశ్శబ్దం అది. గోడ మీద దారి కూడా ఖాళీగా ఉంది. ఇంతమందీ ఎక్కడికి పోయారన్న సంగతి ఇద్దరిలో ఎవరూ ఆలోచించలేదు. దూరముగా పోవును అని కాగితంలో ఉంది కదా, పోయారు అనుకున్నారు.

తనిఖీ రోజు మేడమ్ ముక్కుకు రుమాలు కట్టుకుని వచ్చింది. వరండాలో బల్ల వేసుకుని రెండు గదుల గింజలూ తెప్పించి జల్లించింది. సున్నా, సున్నా. మళ్లీ తెప్పించింది. సున్నా, సున్నా.

"ఇట్లా కుదరదు" అంది చిరాగ్గా. "సున్నాకీ సున్నాకీ తేడా ఎట్లా చూపించమంటారు? నేను అయిదింటి బస్సుకు పోవాలి. ఎవరికో ఒకరికి పురుగులుండాలి."

"క్షమించండి మేడమ్" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

సరిగ్గా అప్పుడు కూతురు వచ్చింది. చంకలో గింజ, రెండో చేత్తో ఈడ్చుకొస్తున్న బియ్యం డబ్బా. వస్తూనే తనిఖీ బల్ల మీదున్న పెద్ద పళ్లెంలోకి డబ్బా వంచి బోర్లించింది. బియ్యం కంటే ముందు బియ్యంలో ఉన్నవాళ్లు కదిలారు. తెల్లచుక్కలు, నీలిచుక్కలు, చుక్కలేనివి, కలిసిమెలిసి పళ్లెం నాలుగువైపులా నడక సాగించాయి. ప్రహరీలోపల నూనె వాసన లేని చోటు ఆ వంటిల్లొక్కటే మిగిలింది మరి.

"నాన్నా, మావయ్యగారూ, ఎవరివి వాళ్లు తీసుకెళ్లండి. పదిరోజుల నుంచి మేం అన్నం వండుకోలేదు" అంది.

ఇద్దరికీ ముఖాన నెత్తురు చుక్క లేదు. మేడమ్ ముఖం మాత్రం వెలిగింది. "ప్రహరీలోపల దొరికిన పురుగు గోదాముదే. పద్నాలుగో నిబంధన" అంది. తర్వాత వంగి చూసి, "వీటికి ఈ చుక్కలేమిటి?" అంది.

దాచి లాభం లేదు. వియ్యంకుడు జేబులోంచి ఒప్పందం తీసిచ్చాడు. మేడమ్ మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చదివింది. కోప్పడుతుందనుకున్నారు. "చాలా శ్రద్ధగా రాశారు. చేతిరాత కూడా బాగుంది. దీని ప్రకారమే పోదాం" అంది. అధికారులు దేనికి మెచ్చుకుంటారో చెప్పడం దేవుడి తరం కూడా కాదు.

నలుగురూ కూర్చుని లెక్కపెట్టారు. తెల్లచుక్కలు ముప్పైఎనిమిది. నీలిచుక్కలు ముప్పైఒకటి. చుక్కలేనివి, అంటే రెండో గదిలో పుట్టిన పిల్లలు, నూటపన్నెండు.

"అయిదో షరతు ప్రకారం చుక్కలేనివన్నీ రెండో గదివి" అంది మేడమ్ కాగితం మీద వేలుపెట్టి. "అంటే రెండో గదికి నూటనలభైమూడు, ఒకటో గదికి ముప్పైఎనిమిది. తల్లి గదికి హక్కు లేదని ఇద్దరూ సంతకం చేశారు." జల్లెడాయన వైపు తిరిగింది. "అంతేనా? అంతే అంటే మీరు ఇక్కడుంటారు."

అంతే అనాలి. రెండక్షరాలే. వియ్యంకుడు నేలకేసి చూస్తున్నాడు. తన నవ్వు తన మెడకే చుట్టుకుంటుందని పాపం ఆయన అనుకోలేదు. కూతురు బల్లకవతల నిలబడి తండ్రినే చూస్తోంది. చంకలో గింజ ముక్కు మీద చెయ్యి తీసి, పళ్లెంలో పురుగుల్ని చూసి, "తాతా, ఎన్ని పాపలో!" అంది.

జల్లెడాయన మేడమ్ వైపు చూశాడు. "కాదు మేడమ్."

"ఏది కాదు?"

"ఆ షరతు. తప్పుగా రాయించాను. చుక్కలేనివాటిలో సగం మావి."

"ఆలోచించుకుని చెప్పండి. సగమంటే మీ లెక్క మారిపోతుంది."

"తెలుసండీ. వాళ్లమ్మలు మా గదినుంచి వెళ్లారు. సగం మావే. ఒక్కటి కూడా తగ్గించకండి."

మేడమ్ కూడింది. ఒకటో గది తొంభైనాలుగు. రెండో గది ఎనభైఏడు. ఏడు పురుగుల తేడాతో జల్లెడాయన కొండమీది గోదాముకు బదిలీ అయ్యాడు. కాగితం అక్కడే రాసి, ముద్ర వేసి చేతికిచ్చింది.

వియ్యంకుడు మేడమ్ ముందున్న ఒప్పందం లాక్కుని, అయిదో షరతు అడ్డంగా కొట్టేసి, దాని కింద గబగబా రాయడం మొదలుపెట్టాడు. అచ్చువేసినట్టుండే చేతిరాతలో ఆ ఒక్క వాక్యం మాత్రం కోడిగీతల్లా వచ్చింది. "బడి సెలవుల్లో సగం రోజులు పిల్ల కొండమీద ఉండును." కాగితం మేడమ్ వైపు తోశాడు.

"ఇది మా శాఖ పని కాదు" అంది మేడమ్.

"సంతకం పెట్టండమ్మా. మీ బస్సుకు టైమవుతోంది."

మేడమ్ గడియారం చూసుకుని సంతకం పెట్టి, ముద్ర కూడా వేసి వెళ్లిపోయింది. వియ్యంకుడు జల్లెడాయన చేతులు రెండూ పట్టుకున్నాడు. "పొండి బావగారూ, గదిలో గుడ్డలు తీయించండి. పిల్ల ముక్కు పాడవుతోంది" అన్నాడు ఈయనే.

ఆయన వెళ్లాక కూతురు బల్లమీదికి చేతులానించి వంగింది. కళ్లు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది. "ఎందుకు నాన్నా? ఊరుకుంటే ఇక్కడే ఉండేవాడివి. నువ్వు అంతే అన్నా నేనేమీ అనుకునేదాన్ని కాదు."

"నువ్వు అనుకోవు తల్లీ, నాకు తెలుసు" అన్నాడు జల్లెడాయన. "గింజకు ఇంకా మూడేళ్లే. రేపు పెద్దదయ్యాక ఎవరో ఒకరు చెప్తారు. మీ తాత ఏడు పురుగుల కోసం నువ్వు మా పిల్లవి కావన్నాడమ్మా, కాగితం మీద ముద్ర కూడా ఉంది అని."